బత్తాయి తోట డ్రిప్పుకు ఎంత యాసిడ్ పోయాలి? గుర్రంపోడు వైపు ఒక కేస్ స్టడీ

మట్టి, నీటి పరీక్షలు చేసి రైతులకు సలహా చెప్పడం నా పని. నల్గొండ జిల్లాలో బత్తాయి రైతుల దగ్గర నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న డ్రిప్పు గురించే: సున్నం పట్టి డ్రిప్పర్లు మూసుకుపోతున్నాయి, యాసిడ్ ఎంత పోయాలి? దీనికి జవాబు ఇంటర్ కెమిస్ట్రీలోనే ఉంది. అయితే చాలామంది లెక్కను పీహెచ్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. గుర్రంపోడు వైపు ఒక తోటలో ఈ లెక్క ఎలా నడిచిందో అంకెలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

తోట మూడు ఎకరాలు. 330 చెట్లు, ఒక్కో చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కో డ్రిప్పర్‌కు గంటకు 8 లీటర్లు అని కంపెనీ లెక్క. నీళ్లు ఒకే బోరువి. చలికాలంలో చెట్లను బెట్టకు వదిలి, జనవరిలో మళ్లీ నీళ్లు మొదలుపెట్టారు. పూత రావాల్సిన సమయం అది. మోటరు దగ్గరి వరుసల్లో చిగురు, మొగ్గ బాగా వచ్చాయి. దూరపు వరుసలు మాత్రం బెట్టలో ఉన్నట్టే ఉన్నాయి. రైతు మాటల్లోనే చెప్పాలంటే, "మొదట్ల మంచిగనే వస్తున్నయ్ సారూ, కొసకున్న చెట్లకు నీళ్లు అందుతలేవు."

బెట్ట సమయంలోనే డ్రిప్పుకు ఎక్కువ నష్టం జరుగుతుంది. వారాల తరబడి పైపులు ఖాళీగా ఎండలో పడి ఉంటాయి. డ్రిప్పర్ లోపల మిగిలిన చుక్క నీరు ఆవిరైపోతుంది, అందులోని సున్నం అక్కడే మిగులుతుంది.

ముందుగా చేసింది కొలత. మోటరు దగ్గర, మధ్యలో, కొసన కొన్ని డ్రిప్పర్లను ఎంచుకుని ఒక్కోదాని కింద మూడు నిమిషాల పాటు గిన్నె పెట్టాం. గంటకు 8 లీటర్లంటే మూడు నిమిషాలకు 400 మి.లీ. రావాలి. మొదటి వరుసల్లో 380, 390 వచ్చాయి. కొసన 200 మి.లీ. కూడా నిండలేదు. అన్నీ కలిపి సగటు 300 మి.లీ., అంటే గంటకు 6 లీటర్లు. 1,320 డ్రిప్పర్లకు లెక్కేస్తే తోటకు గంటకు చేరుతున్న నీరు 7,920 లీటర్లు. ఈ అంకె తర్వాత అవసరమవుతుంది.

ఆ పట్టింది ఏమిటో తేల్చకుండా యాసిడ్ జోలికి పోకూడదు. మూసుకున్న ఒక డ్రిప్పర్‌ను బ్లేడుతో నిలువునా చీల్చాను. లోపల నీళ్లు మెలికలు తిరిగే సన్నని దారి అంతా తెల్లని పెచ్చు, గోటితో గీకితే గరుకుగా పొడి రాలుతోంది. దానిమీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయగానే బుస్సుమని నురగ లేచింది. నురగ లేచిందంటే కార్బన్ డయాక్సైడ్ వచ్చింది, అంటే అది కాల్షియం కార్బనేట్. ఇంట్లో యాసిడ్ లేకపోతే నిమ్మకాయ రసం పిండినా తెలుస్తుంది, కాకపోతే బుడగలు నెమ్మదిగా వస్తాయి. నురగ రాకుండా మెల్లగా కరిగిపోతే అది ఎరువులోని భాస్వరం, నీటిలోని కాల్షియం కలిసి పట్టిన కాల్షియం ఫాస్ఫేట్ కావచ్చు. గోధుమరంగు జిగురులా ఉంటే బాక్టీరియా పని, దానికి క్లోరిన్ వైద్యం వేరే ఉంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలవకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఒకే రోజు, ఒకే డ్రమ్ములో ఈ రెండు పనులూ పెట్టుకోవద్దని ప్రతి రైతుకూ గట్టిగా చెబుతాను.

బోరు నీళ్లు ఏం చెప్పాయి

పీహెచ్ 7.9. మొత్తం క్షారత (నీరు ఎంత ఆమ్లాన్ని మింగగలదో చెప్పే కొలత), కాల్షియం కార్బనేట్ లెక్కలో లీటరుకు 410 మిల్లీగ్రాములు. కఠినత్వం 380. విద్యుత్ వాహకత మీటరుకు 1.3 డెసీ సీమెన్లు. కాల్షియం లీటరుకు 80 మిల్లీగ్రాములు. ఈ అంకెలతో సున్నం పేరుకునే సూచిక లెక్కేస్తే +0.9 వచ్చింది. సున్నా దాటితే సున్నం పేరుకునే గుణం ఉన్నట్టు.

క్షారత 410ని కాల్షియం కార్బనేట్ తుల్యభారం 50తో భాగిస్తే లీటరుకు 8.2 మిల్లీ ఈక్వివలెంట్లు. పీహెచ్ 8.3 కంటే తక్కువున్న నీటిలో ఈ క్షారత దాదాపు అంతా బైకార్బనేట్ రూపంలోనే ఉంటుంది. కాబట్టి లీటరుకు 8.2 మిల్లీమోల్స్ బైకార్బనేట్ అనుకోవచ్చు.

భూమి లోపల నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది, కాబట్టి కాల్షియం, బైకార్బనేట్ పక్కపక్కనే ఉన్నా గొడవ లేదు. మోటరు పైకి తోడగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది. నల్లని పైపులు ఎండకు కాలితే నీరు వేడెక్కుతుంది. వేడి నీటిలో కాల్షియం కార్బనేట్ కరిగే శక్తి ఇంకా తగ్గుతుంది. వేడిచేస్తే ఏదైనా ఎక్కువ కరుగుతుందనే మన అలవాటు లెక్క ఇక్కడ తిరగబడుతుంది. టీ గిన్నె అడుగున తెల్లపొర కట్టేది కూడా ఇదే.

25 మిల్లీలీటర్ల లెక్క

రైతు కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. తెలివైన పిల్లవాడు. నేను వెళ్లేసరికి నోటుబుక్కులో లెక్క చేసి పెట్టాడు. నీటి పీహెచ్‌ను 4కు దించాలని ఎక్కడో చదివాడు. పీహెచ్ 4 అంటే లీటరుకు 10⁻⁴ మోల్ హైడ్రోజన్ అయాన్లు. గంటకు 7,920 లీటర్లు, 20 నిమిషాల పాటు యాసిడ్ పంపితే 2,640 లీటర్లు. దానికి 0.264 మోల్. మార్కెట్‌లో దొరికే 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో లీటరుకు సుమారు 10.5 మోల్స్ ఉంటాయి. 0.264ను 10.5తో భాగిస్తే 0.025 లీటరు, అంటే 25 మి.లీ.

"సార్, మూడు ఎకరాలకు 25 మి.లీ. సరిపోతదా? నాన్న నమ్ముతలేడు."

నాన్న నమ్మకపోవడమే సరైంది. లెక్కలో కూడిక, భాగహారం ఎక్కడా తప్పలేదు. శుద్ధమైన నీటికైతే ఆ జవాబు సరిపోయేది. కానీ బోరు నీటిలో అప్పటికే ఉన్నదాన్ని ఆ లెక్క పట్టించుకోలేదు.

ఇంటర్‌లో అందరూ చేసే ఒక లెక్క ఉంది: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? తొందరపడి 8 అంటే ఆమ్లం క్షారమైపోయినట్టు. నీరు తనంతట తాను ఇచ్చే 10⁻⁷ను కలిపి వర్గ సమీకరణం సాధిస్తే 1.05 × 10⁻⁷ వస్తుంది, పీహెచ్ 6.98. ఆ అబ్బాయి ఆ లెక్క టకటకా చేశాడు. గిన్నెలో ముందే ఏముందో చూడాలన్న అదే జాగ్రత్త బోరు నీటికీ అవసరం. ఇక్కడ ముందే ఉన్నది బైకార్బనేట్, అదీ మనం చేర్చాలనుకున్న ఆమ్లానికి 82 రెట్లు.

పోసిన హైడ్రోజన్ అయాన్‌ను బైకార్బనేట్ పట్టుకుని కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. అది నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. బైకార్బనేట్ అంతా ఖర్చయ్యేదాకా పీహెచ్ 4కు రానే రాదు. కాబట్టి లీటరుకు కావలసింది 8.2 ప్లస్ 0.1, అంటే 8.3 మిల్లీమోల్స్. 2,640 లీటర్లకు 21.9 మోల్స్. 10.5తో భాగిస్తే 2.1 లీటర్లు. 25 మి.లీ. ఎక్కడ, రెండు లీటర్లు ఎక్కడ!

నోటితో చెప్పడం కంటే చూపించడం మేలని అక్కడే అంశమాపనం (టైట్రేషన్) చేశాం. 100 మి.లీ. బోరు నీళ్లు, బ్యూరెట్‌లో డెసినార్మల్ (0.1 నార్మల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 7, 4 బఫర్లతో సరిచూసుకున్న పీహెచ్ మీటరు. మొదట 7.9. ఒక మి.లీ. పోస్తే 7.1. రెండు పోస్తే 6.8. నాలుగు మి.లీ. పోసినా 6.4 దగ్గరే తచ్చాడింది. ఆరు పోస్తే 5.9. అంటే మొత్తం ఆమ్లంలో మూడొంతులు పోసేసినా నీరు ఇంకా 6 చుట్టుపక్కలే ఉంది. ఎనిమిది దాటాక ఒక్కసారిగా జారిపోయి, 8.2 దగ్గర 4.2 చూపించింది. తొమ్మిది పోసేసరికి 3.1. అబ్బాయి ఈ అంకెలను గ్రాఫు గీశాడు. మధ్యలో దాదాపు చదునుగా, చివర బావి గోడలా నిలువుగా దిగే గీత. చదునుగా ఉన్న ఆ మధ్యభాగమే బఫర్. కార్బానిక్ ఆమ్లం పీకేఏ 6.35, సగం ఆమ్లం పోసినప్పుడు పీహెచ్ అక్కడే ఉండటం కాకతాళీయం కాదు. పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం/ఆమ్లం) అనే సమీకరణంలో ఆమ్లం, దాని లవణం సమానంగా ఉన్నప్పుడు లాగ్ విలువ సున్నా, మిగిలేది పీకేఏ ఒక్కటే. పాఠంలో చదివిన సమీకరణం తన బోరు నీటిలో కనిపించడం ఆ పిల్లవాడికి పండుగలా ఉంది. నాకూ ఆ సంతోషం తక్కువేమీ కాదు.

అంశమాపనంలో ఒక చిన్న గమనిక. మధ్యలో ఆపి బాగా కలియబెడితే మీటరు మళ్లీ మెల్లగా పైకి ఎక్కుతుంది. మీటరు చెడిపోయిందని కంగారు పడొద్దు. కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతోంది, అంతే.

పీహెచ్ అనేది 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో తెచ్చిన కొలమానం. ఆ క్షణంలో నీటిలో విడిగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్ల గాఢత ఎంతో అది చెబుతుంది. ఆ నీరు ఎంత ఆమ్లాన్ని మింగగలదో చెప్పేది క్షారత. మన జిల్లాలో ఈ తేడా కొత్తదేమీ కాదు. ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. అందులో పటిక మోతాదును ఫ్లోరైడ్‌తో పాటు క్షారతను కూడా చూసి నిర్ణయిస్తారు. పటిక నీటిలో ఆమ్లంలా పనిచేసి బైకార్బనేట్‌ను తినేస్తుంది. ఒక గ్రాము పటిక సుమారు అర గ్రాము క్షారతను ఖర్చు చేస్తుంది. మా జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసిన ఆ పద్ధతిలోనూ క్షారత లేకుండా లెక్క లేదు.

పీహెచ్ 4 చాలదు

ఇక్కడ నా అభిప్రాయం కొంత గట్టిది. కరపత్రాల్లో, డీలర్ల నోట పీహెచ్ 4 అనే మాట వినిపిస్తుంది. సున్నం పట్టకుండా ముందుజాగ్రత్తకు అది సరే. ఇప్పటికే పట్టిన పెచ్చును కరిగించాలంటే పీహెచ్ 4 నీరు చేతకానిది.

పీహెచ్ 4 నీటిలో మిగిలి ఉన్న ఆమ్లం లీటరుకు 0.1 మిల్లీమోల్. ఒక మోల్ కాల్షియం కార్బనేట్‌ను కరిగించడానికి రెండు మోల్స్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. లెక్కేస్తే లీటరు నీరు కరిగించేది 5 మిల్లీగ్రాముల సున్నం. కరిగి ఉన్న కార్బానిక్ ఆమ్లం కూడా కొంత సాయం చేస్తుంది కానీ నెమ్మది. అదే పీహెచ్ 2 అయితే లీటరుకు 10 మిల్లీమోల్స్, 500 మిల్లీగ్రాముల సున్నం. పీహెచ్‌లో రెండు అంకెల తేడా, శక్తిలో వంద రెట్లు.

ఇక్కడ బోరు నీటి క్షారత ఒక విచిత్రం చేస్తుంది. పీహెచ్ 4కు లీటరుకు 8.3 మిల్లీమోల్స్ కావాలి. పీహెచ్ 2కు 18.2. రెండింతలు దాటి కొంచెం ఎక్కువ యాసిడ్‌తో వంద రెట్ల పని. కాబట్టి పెచ్చు పట్టిన తోటలో 4 దగ్గర ఆగడం డబ్బు వృథా. క్షారతను చంపడానికే దాదాపు యాసిడ్ అంతా పోసి, అసలు పని మొదలయ్యే చోట ఆపేసినట్టవుతుంది.

ప్రతిరోజూ నీటిని 6.5కు దించి వాడితే ఎలా ఉంటుందని రైతు అడిగాడు. 6.5 దగ్గర బైకార్బనేట్, కార్బానిక్ ఆమ్లం నిష్పత్తి 1.41. అందుకు లీటరుకు దాదాపు 3.3 మిల్లీమోల్స్ ఆమ్లం కావాలి. గంట నీటికి రెండున్నర లీటర్ల యాసిడ్. ఈ ఖర్చు ఏ బత్తాయి ధరకూ గిట్టదు, అంత యాసిడ్ రోజూ చేత్తో ముట్టుకోవడం క్షేమం కూడా కాదు. ఏడాదిలో కొన్నిసార్లు గట్టిగా చేయడమే మేలన్నాను.

కాగితం మీది లెక్కను నేరుగా డ్రమ్ములో పోయను. కొట్లో అమ్మే యాసిడ్ డబ్బా మీద 33 శాతం అని ఉన్నా, మూత వదులై పొగలు పోతే బలం తగ్గిపోతుంది. అందుకే బకెట్ పరీక్ష. 10 లీటర్ల బోరు నీళ్లు పట్టి, సిరంజితో కొంచెం కొంచెం యాసిడ్ వేస్తూ కలియబెట్టి చూశాం. 10.5 మోల్స్ బలం ఉంటే పీహెచ్ 4కు 8 మి.లీ. లోపు సరిపోవాలి. ఈ డబ్బాతో 9 మి.లీ. పట్టింది. అంటే అసలు బలం లీటరుకు 9.2 మోల్స్, సుమారు 29 శాతం. పీహెచ్ 2కు 20 మి.లీ. పట్టింది. 2,640 లీటర్లంటే 264 బకెట్లు. 264ను 20తో గుణిస్తే 5.3 లీటర్లు. అదే మోతాదు ఖాయం చేశాం.

"గంత యాసిడ్ వోస్తే చెట్లు సచ్చిపోవా సారూ?"

భయం సహజం. "కాకా, ఒక్కో చెట్టు కిందికి వచ్చేది ఎంతో లెక్క చూద్దాం" అని కూర్చోబెట్టి చూపించాను. 20 నిమిషాల్లో చెట్టుకు 8 లీటర్లు. అందులో క్షారతను చంపగా మిగిలిన ఆమ్లం 0.08 మోల్. దాన్ని విరిచేయడానికి 4 గ్రాముల సున్నపు రాయి చాలు. ఆయన పాదుల్లోని మట్టి మీద చుక్క యాసిడ్ వేస్తే బుసబుసమంటుంది, అంత సున్నం ఉన్న నేల. ఇక క్లోరైడ్ సంగతి: చెట్టుకు 5 గ్రాములు. ఆయన బోరు నీటిలో లీటరుకు 117 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఎలాగూ ఉంది, రోజుకు వంద లీటర్లు పెడితే చెట్టుకు 11 గ్రాముల పైనే పోతోంది. ఒక రోజు తడిలో పోయేదానికి సగం. పూత నిలబడే వారాల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దన్నాను. మొగ్గ ఇంకా విచ్చుకోకముందే పూర్తిచేశాం.

పొద్దున్నే, గాలి తక్కువున్నప్పుడు మొదలుపెట్టాం. ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు 35 లీటర్ల నీళ్లు, తర్వాత యాసిడ్ సన్నని ధారగా. యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే వేడికి ఎగిరి ముఖాన పడుతుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, పక్కనే బకెట్ నిండా మంచినీళ్లు. యాసిడ్‌ను పైపులోకి పీల్చే వెంచురీ, ఇనుప ఫిల్టర్ దాటిన తర్వాతే ఉండేలా చూసుకున్నాం, లేకపోతే ఫిల్టర్ తినేస్తుంది. ముందు రోజే ఉత్త నీళ్లతో వెంచురీని నడిపి, 40 లీటర్లు 20 నిమిషాల్లో పీల్చేలా గేట్ వాల్వు సరిచేసి పెట్టాం.

మోటరు దగ్గరి డ్రిప్పర్ కింద పీహెచ్ కాగితం నిమిషాల్లోనే ఎర్రబడింది. కొసన చాలాసేపు పసుపుగానే ఉంది. దారిలో ఉన్న సున్నమంతా ఆమ్లాన్ని తినేస్తోంది. కొన్ని డ్రిప్పర్ల నోటి నుంచి నీటితో పాటు బుడగలు చిటపటమంటూ వచ్చాయి. డ్రమ్ము ఖాళీ అయ్యే వేళకు కొసన కాగితం నారింజ దాటి ఎరుపులోకి తిరిగింది. అప్పుడు మోటరు ఆపి, మరుసటి రోజు అదే సమయం దాకా పైపులను అలాగే వదిలేశాం. ఆ రోజంతా పశువులు, పిల్లలు తోటవైపు రాకుండా రైతు భార్య కాపలా ఉంది.

మర్నాడు సబ్‌మెయిన్, తర్వాత ఒక్కో లేటరల్ (చెట్ల వరుస వెంట వెళ్లే పైపు) ఎండ్ క్యాప్ తీసి కడిగాం. పాలలా తెల్లని నీళ్లు, వాటిలో ఇసుకలాంటి పెచ్చు ముక్కలు. నీళ్లు తేటబడేదాకా వదిలి, ఆపై చెట్లన్నిటికీ మామూలు తడి ఇచ్చాం. మళ్లీ గిన్నెలు పెడితే సగటు 300 నుంచి 350 మి.లీ.కి వచ్చింది. కొసన 200 లోపు ఉన్నవి 310కి చేరాయి. కొన్నాళ్లకు ఇంకోసారి అదే మోతాదులో చేశాక సగటు 380. అప్పటికీ తెరుచుకోని డ్రిప్పర్లను చీల్చి చూస్తే సున్నంతో పాటు ఎర్రమట్టి గట్టిపడి ఉంది. మట్టిని ఏ యాసిడూ కరిగించదు. వాటిని మార్చేశారు, ఫిల్టర్ మెష్ కూడా కొత్తది వేశారు.

దూరపు వరుసల్లో పూత ఆలస్యంగానైనా వచ్చింది, కానీ ముందు వరుసల కాయతో సమానం కాలేదు. ఆ చెట్ల ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉండటం కూడా గమనించాను. బైకార్బనేట్ ఎక్కువున్న నీరు, సున్నపు నేల కలిస్తే ఇనుము అందక అలా అవుతుంది. దానికి ఆకుల మీద పిచికారీ వేరే చెప్పాను. డ్రిప్పు యాసిడ్‌తో అది నయం కాదు.

ఇప్పుడు వాళ్ల మోటరు గది గోడ మీద అబ్బాయి రాసిన ఒక వరుస ఉంది: క్షారతను 50తో భాగించు, 10 కలుపు, నీటి లీటర్లతో గుణించు, వెయ్యితో భాగించు, యాసిడ్ బలంతో భాగించు. పీహెచ్ 2కు కావలసిన యాసిడ్ లీటర్లలో వస్తుంది. క్షారత మాత్రం ఏటా రెండుసార్లు, వానలు వెనుదిరిగాక ఒకసారి, ఎండాకాలం నడుమ ఒకసారి కొత్తగా పరీక్ష చేయించి ఆ అంకె మార్చుకోవాలి. బోరు నీళ్లు అడుగంటే కొద్దీ అది మారుతుంది. యాసిడ్ డబ్బా మారిన ప్రతిసారీ బకెట్ పరీక్ష మళ్లీ చేయాలి.